ఒక పూటలో 22 బ్యాచ్‌లు: ప్రాజెక్టు పేపర్లకు మార్కులు వేయిస్తున్న పెద్దలకు ఒక ఎక్స్‌టర్నల్ బహిరంగ లేఖ

రెండు తెలుగు రాష్ట్రాల సాంకేతిక విశ్వవిద్యాలయాల పరీక్షల విభాగాల అధికారులకు, బోర్డ్ ఆఫ్ స్టడీస్ సభ్యులకు, అటానమస్ కాలేజీల అకడమిక్ కౌన్సిళ్ల పెద్దలకు,

నమస్కారం.

నేను ఒక ఇంజినీరింగ్ కాలేజీలో కంప్యూటర్ సైన్స్ చెప్తాను. 19 ఏళ్లయింది. ఎండలు ముదిరే వేళకి ఫైనల్ ఇయర్ ప్రాజెక్టులకి ఎక్స్‌టర్నల్‌గా, అంటే మార్కులు వేసే బయటి పరీక్షకుడిగా రమ్మని రెండు మూడు కాలేజీల నుంచి ఆర్డర్లు వస్తాయి. వెళ్తాను, కూర్చుంటాను, సంతకాలు పెట్టి వస్తాను. ఈ ఉత్తరం ఆ సంతకాల గురించే. ఇందులో నా తప్పు కూడా ఉంది కాబట్టి మీ మీద విరుచుకుపడే ఉద్దేశం లేదు.

కిందటేడు ఒక కాలేజీలో నాకు ఇచ్చినవి 22 బ్యాచ్‌లు, అంటే ఒక్కో ప్రాజెక్టుని కలిసి చేసిన పిల్లల జట్లు. పదింటికి మొదలుపెట్టి ఒంటిగంటన్నరకి ముగించాలి. రెండింటికల్లా మార్కుల షీట్లు కవర్లో పెట్టి సీలు వేయాలి. లెక్క వేస్తే బ్యాచ్‌కి తొమ్మిదిన్నర నిమిషాలు. ల్యాప్‌టాప్‌కీ ప్రొజెక్టర్‌కీ పొత్తు కుదరడానికి రెండు నిమిషాలు పోతాయి. టైటిల్ స్లయిడు, అబ్‌స్ట్రాక్ట్, ప్రోగ్రామ్ నిర్మాణాన్ని చూపించే, ఎవరూ చూడని యూఎంఎల్ డయాగ్రాములు అయ్యేసరికి ఇంకో ఐదు. బల్ల మీద ప్రాజెక్టు పుస్తకాలు, నల్ల రెక్సిన్ అట్టలు, వాటి మీద బంగారు అక్షరాలు, బ్యాచ్‌కి నాలుగేసి కాపీలు. అటెండర్ ఒక్కో పుస్తకాన్నీ సరిగ్గా సంతకం పేజీ దగ్గర తెరిచి నా ముందు పెడుతుంటాడు. నేను ఆ పేజీ వదిలి ఇంకో పేజీ తిప్పితే పాపం ఆయన చెయ్యి గాల్లో ఆగిపోతుంది. పక్కన కూర్చున్న ఇంటర్నల్ ఎగ్జామినర్ సమోసా ప్లేటు నా వైపు జరుపుతూ, “అందరికీ ఎనభై పైన వేసేద్దాం సార్, ప్లేస్‌మెంట్లు వచ్చిన పిల్లలు” అన్నారు. దాదాపు అలాగే వేసేశాను.

ఆ రోజు చూసిన రెండు బ్యాచ్‌ల సంగతి వివరంగా చెప్పాలి. ఎందుకంటే మీరు తయారుచేసిన మార్కుల పట్టిక ప్రకారం చూస్తే మొదటిది మంచి పేపరు, రెండోది అంతంతమాత్రం పేపరు.

మొదటిది మిరప ఆకు తెగుళ్లను కంప్యూటర్‌తో గుర్తించడం గురించి. కచ్చితత్వం 98.7 శాతం. పుస్తకం మొదటి పేజీలోనే గుంటూరు మిర్చి యార్డు ఉంది. 2021–22 సీజన్‌లో నల్ల తామర పురుగు వచ్చిపడితే చేతులారా తోటలు పీకేసుకున్న రైతులున్నారు. బాగా రాశారు. మాది కూడా మిరప వేసే ఇల్లే కాబట్టి ఉండబట్టలేక ఒక ప్రశ్న వేశాను.

“ఫొటోలు ఏ ఊళ్లో తీశారమ్మా?”

“డౌన్‌లోడ్ చేశాం సార్. ప్లాంట్‌విలేజ్.”

ప్లాంట్‌విలేజ్ అనేది 54 వేల పైచిలుకు ఆకు ఫొటోల సేకరణ. 14 పంటలవి ఉన్నాయి. అందులో మిరప లేదు. ఉన్నది బెల్ పెప్పర్, అంటే మనం కూరగాయల బండి దగ్గర క్యాప్సికం అని కొనుక్కునేది. దానికైనా రెండే తరగతులు: ఆరోగ్యంగా ఉన్న ఆకు, బాక్టీరియా మచ్చ ఉన్న ఆకు. తామర పురుగు వల్ల వచ్చే పై ముడత లేదు, నల్లి వల్ల వచ్చే కింది ముడత లేదు. మిరప రైతు దేనికి భయపడతాడో అదే లేదన్నమాట. ఆ ఆకులు కూడా చెట్టు మీద ఉండగా తీసినవి కావు. కోసి, సాదా కాగితంలాంటి దాని మీద ఒక్కొక్కటిగా పెట్టి తీసినవి.

ఈ సేకరణ మీద 2016లో వచ్చిన పేరున్న పేపరు ఒకటుంది. అందులో కచ్చితత్వం 99.35 శాతం. అదే మోడల్‌కి, అంటే ఫొటోలు చూసి నేర్చుకున్న ఆ ప్రోగ్రామ్‌కి, వేరే చోట, వేరే పరిస్థితుల్లో తీసిన ఫొటోలు చూపిస్తే 31 శాతానికి పడిపోయిందని ఆ పేపర్లోనే రాసుంది. రాసినవాళ్లు దాచుకోలేదు. ఆ తరవాత ఇంకొకరు ఆకు సంగతే వదిలేసి, ఫొటో వెనక భాగం నుంచి ఎనిమిది పిక్సెళ్లు మాత్రం తీసుకుని మోడల్‌కి నేర్పితే, అది 49 శాతం సరిగ్గా చెప్పింది. మొత్తం 38 తరగతులు. కళ్లు మూసుకుని చెప్పినా 2.6 శాతమే రావాలి. అంటే 98.7 చూపిస్తున్న మోడల్ తెగులును చూసి చెబుతోందో, ఆకు కింద పరిచిన కాగితాన్ని చూసి చెబుతోందో మనకి తెలీదు. పిల్లలు 99 దాకా చదివారు, 31 దాకా చదవలేదు. పూర్తిగా చదివారా అని వాళ్లని సంవత్సరమంతా ఎవరూ అడగలేదు.

“మిరపకీ క్యాప్సికానికీ తేడా లేదా?” అన్నాను. నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చివరికి ఒక కుర్రాడు, “గైడ్ సార్ ఓకే అన్నారు సార్” అన్నాడు. గైడ్ సార్ ఫోన్ చూసుకుంటున్నారు. నేను తరవాతి ప్రశ్న వెతుక్కునేలోపు అటెండర్ తరవాతి పుస్తకం తెరిచేశాడు.

ఆ పిల్లలకి అన్నీ ఉన్నాయి. రాసింది ఇతరుల రాతతో ఎంత కలుస్తోందో చెప్పే సిమిలారిటీ రిపోర్టు 8 శాతం. ‘అంతర్జాతీయ జర్నల్’లో ప్రచురణ, దానికి హోలోగ్రాం అంటించిన సర్టిఫికెట్, నలుగురికీ నాలుగు. పట్టికలో ప్రచురణకి 10 మార్కులు, ఫలితానికి 20, సిమిలారిటీకి 5. పెన్ను దానంతటదే 91 రాసేసింది.

రెండోది పదహారో బ్యాచ్, ముగ్గురు అమ్మాయిలు. ఒకమ్మాయి తాతగారు దాచుకున్న పాత పంచాంగాల్లోంచి 40 పేజీలు స్కాన్ చేసి, కంప్యూటర్ వాటిలోని తెలుగు అక్షరాలు ఎంతవరకు చదవగలదో చూశారు. అక్షరాల్లో 71 శాతం సరిగ్గా వచ్చాయి. ఆ అంకె స్లయిడు మీద పడగానే ఇంటర్నల్ గారు చిన్నగా నిట్టూర్చారు. 71 అంటే మనవాళ్ల కళ్లకి తప్పినట్టే కనిపిస్తుంది.

నేను పుస్తకం మధ్యలో తెరిచాను. ఒక పట్టిక ఉంది. ఏ అక్షరాన్ని కంప్యూటర్ ఏ అక్షరంగా, ఎన్నిసార్లు పొరబడింది అని. ‘థ’ని ‘ధ’గా, ‘ధ’ని ‘ద’గా, ‘ప’ని ‘వ’గా, ఇలా. కింద ఒక వాక్యం రాశారు. థలో లోపల ఉండే చుక్క ఈ అచ్చులో సిరా అలుక్కుపోయి గీతలా అయిపోయిందని, అలాంటివి భూతద్దంతో చూసినా తమకే తెలియలేదని. ఎలా తెలిసిందమ్మా అంటే చెప్పారు. సరైన జవాబు ఏదో తేల్చుకోవడానికి ప్రతి పేజీనీ ఇద్దరు విడివిడిగా టైపు చేశారట. రెండూ పోల్చి చూస్తే వాళ్లిద్దరికే చాలాచోట్ల కుదరలేదు. అప్పుడు మూడో అమ్మాయి కూర్చుని తీర్పు చెప్పింది. ఎన్నిచోట్ల ముగ్గురూ తేల్చలేకపోయారో ఆ లెక్క కూడా పుస్తకంలో ఉంది. ఆ చోట్లని లెక్కలోంచి తీసేస్తే తమ శాతం పెరుగుతుందని వాళ్లకి తెలుసు. తీయలేదు. ఎందుకు తీయలేదో రెండు లైన్లలో రాశారు.

పరిశోధన అని నేను దేన్ని అంటానో అది మొత్తం ఆ ఒక్క పేజీలో ఉంది. కానీ ప్రచురణ లేదు, పదికి సున్నా. ఫలితం ‘తక్కువ’, ఇరవైకి పదకొండు. సిమిలారిటీ 19 శాతం, ఎందుకంటే పంచాంగం వాక్యాలనే ఉదాహరణలుగా ఇచ్చారు. నేను గట్టిగా పట్టుబట్టి 78 దాకా లాక్కొచ్చాను. ఎనభై పైన అన్న మాట కూడా నిలబడలేదు. సంతకం పెడుతుంటే నాకే సిగ్గేసింది.

పెద్దలారా, మీ పట్టికలో అబద్ధం ఏమీ లేదు. అందులో ఉన్న ప్రతి అంకె వెనకా ఒక మంచి ఉద్దేశం ఉంది. చిక్కల్లా ఆ అంకెలన్నీ పుస్తకం తెరవకుండానే వేయడానికి వీలుగా ఉన్నాయి. వీలుంది కాబట్టి మేం తెరవడం మానేశాం.

సిమిలారిటీ సంగతే తీసుకోండి. 2018లో యూజీసీ తెచ్చిన నియమాల్లో 10 శాతం దాకా శిక్ష లేదు. 10 దాటి 40 దాకా ఉంటే ఆరు నెలల్లోపు సరిదిద్ది మళ్లీ ఇవ్వాలి, 60 దాకా అయితే ఏడాదిపాటు మళ్లీ ఇవ్వకూడదు, అది కూడా దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. థీసిస్‌లకు పెట్టిన ఆ లెక్కని మనం బీటెక్ ప్రాజెక్టుల దాకా దించేశాం. పోనీ అనుకుందాం. కానీ ఆ సాఫ్ట్‌వేర్ చెప్పేది ఈ మాటల వరస ఇంకెక్కడైనా ఉందా అన్నది ఒక్కటే. దొంగతనం జరిగిందో లేదో అది చెప్పదు. రంగులు వేసిన ఆ రిపోర్టుని పేజీ పేజీ చూసి, ఇది పద్ధతి వివరణ, ఇది ఉదాహరణ, ఇదిగో ఇది మాత్రం ఎత్తిపోత అని మనిషి తేల్చాలి. మనం రిపోర్టు మొదటి పేజీలో ఉన్న పెద్ద అంకెని చూసి మడిచేస్తున్నాం. లేని ఫలితాలు కూర్చుని అల్లినవాడికి సిమిలారిటీ సున్నా కూడా రావచ్చు, అది గుర్తుంచుకోండి.

ఆ అంకెని తగ్గించడానికి పిల్లలు ఏం చేస్తారో మీకు తెలియక కాదు. పేరాని ఒక వెబ్‌సైట్‌లో వేస్తే అది ప్రతి మాటకీ ఇంకో మాట పెట్టి ఇస్తుంది. 2021లో ముగ్గురు పరిశోధకులు ఇలా పుట్టిన వింత మాటల్ని ఏరి పెట్టారు. ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ కాస్తా ‘కౌంటర్‌ఫీట్ కాన్షస్‌నెస్’ అయింది, అంటే దొంగ స్పృహ. బ్రెస్ట్ క్యాన్సర్ ‘బూజమ్ పెరిల్’ అయింది, రొమ్ము గండం అనుకోండి. అచ్చయిన జర్నళ్లలోనే ఇవి వేల సంఖ్యలో దొరికాయి. నేను మా కాలేజీలో దిద్దిన ఒక రిపోర్టులో ‘రాండమ్ ఫారెస్ట్’ అనే పద్ధతి ‘ఆర్బిట్రరీ వుడ్‌ల్యాండ్’గా దర్శనమిచ్చింది. పిల్లవాణ్ణి పిలిచి ఇదేమిట్రా అంటే, “ఫారెస్ట్ అని పెడితే పదకొండు వస్తోంది సార్, ఇలా పెడితే తొమ్మిది” అన్నాడు. వాడు అబద్ధమాడలేదు. మనం అడిగింది తొమ్మిది, వాడు తెచ్చిచ్చాడు.

ఇప్పుడు దీనికి తోడు ఏఐ శాతం అని, ఎంత భాగం యంత్రం రాసిందో చెప్తానంటూ ఇంకో అంకె వచ్చింది. చాట్‌జీపీటీ తయారుచేసిన ఓపెన్‌ఏఐ వాళ్లే తమ గుర్తింపు పరికరం సరిగ్గా పనిచేయడం లేదని 2023 జులైలో తీసేశారు. అదే ఏడాది స్టాన్‌ఫర్డ్‌లో ఒక పరీక్ష చేశారు. ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్లు టోఫెల్ అనే ఇంగ్లిష్ పరీక్షకి రాసిన 91 వ్యాసాలను ఏడు పరికరాలకి ఇస్తే, సగటున సగానికి పైగా యంత్రం రాసినవేనని తేల్చాయి. మనుషులు రాసినవి! కారణం, తెలిసిన కొద్ది మాటలతో, పొడవు పెరగని వాక్యాలతో రాసేవాళ్లు ఆ పరికరాలకి యంత్రాల్లా కనిపిస్తారు. పదో తరగతి దాకా తెలుగు మీడియం చదివి, ఇంగ్లిష్‌లో ఆచితూచి రాసే మన పల్లెటూరి పిల్లల వాక్యాలు ఎలా ఉంటాయో మీకు చెప్పక్కర్లేదు. మా దగ్గర ఒకమ్మాయికి 64 శాతం ఏఐ అని వస్తే, చిత్తు ప్రతులు నాలుగు నోట్‌బుక్కులు తెచ్చి హెచ్‌ఓడీ బల్ల మీద పరిచి ఏడ్చింది. పుస్తకాలున్నాయి కాబట్టి బయటపడింది. ఫోన్లోనే టైపు చేసుకునే పిల్లయితే ఏం చూపించేది?

ఇక ప్రచురణ. దీని గురించి క్లుప్తంగా చెప్తాను, ఎందుకంటే నాకు కోపం వస్తుంది. పీహెచ్‌డీ థీసిస్ ఇవ్వాలంటే ముందు జర్నల్లో పేపరు అచ్చవ్వాలన్న నిబంధనని యూజీసీ 2022 నవంబరు నియమాల్లో తీసేసింది. మంచి జర్నళ్ల జాబితా అంటూ తామే నడిపిన కేర్ లిస్టుని కూడా ఆపేస్తున్నట్టు 2025 ఫిబ్రవరిలో ప్రకటించింది, ఎవరి మంచిచెడ్డలు ఆ సంస్థలే చూసుకోమంది. పీహెచ్‌డీకే అక్కర్లేదన్నది ఇరవయ్యొక్కేళ్ల బీటెక్ పిల్లకి ఎందుకు తప్పనిసరి చేశాం? పిల్లలు తలా ఐదారొందలు వేసుకుని, మూడు రోజుల్లో ‘పీర్ రివ్యూ’, అంటే తోటి నిపుణుల పరిశీలన, పూర్తిచేసే జర్నల్‌కి పంపిస్తారు. 2013లో ‘సైన్స్’ పత్రిక తరఫున ఒక జర్నలిస్టు కావాలని తప్పులతో ఒక దొంగ పేపరు తయారుచేసి 304 జర్నళ్లకి పంపితే 157 ఒప్పేసుకున్నాయి. మన ఇంటి సంగతే చెప్పాలంటే, హైదరాబాద్‌కి చెందిన ఓమిక్స్ అనే ప్రచురణ సంస్థ సరైన పరిశీలన లేకుండానే పీర్ రివ్యూ చేశామని పరిశోధకుల్ని మోసం చేసిందంటూ అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసు వేస్తే, 2019లో అక్కడి కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమని తీర్పు చెప్పింది. ఆ సర్టిఫికెట్ మీద ఉండే ‘ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 7’ గురించి కూడా ఒక ముక్క. ఒక జర్నల్ గత రెండేళ్లలో వేసిన వ్యాసాలని ఈ ఏడాది సగటున ఎన్నిసార్లు ప్రస్తావించారో చెప్పే లెక్క అది. అసలుదైనా సరే, అది జర్నల్‌కి సంబంధించిన అంకె. అందులో ఉన్న ఫలానా పేపరు మంచిదా కాదా అన్నది దాంతో తేలదు. మనకి వచ్చేవాటిలో చాలావరకు అసలువి కూడా కావు, ఎవరికి వాళ్లు అచ్చేసుకున్నవి.

ఇదంతా విని మీరు అడగబోయేది నాకు తెలుసు. మరి ఎలా చూడమంటావు? నాకు తెలిసిన పద్ధతి ఒకటే ఉంది, అది నేను కనిపెట్టింది కాదు.

నేను ఎంటెక్ చదివేటప్పుడు మా గైడ్ గారు డ్రాఫ్టు తీసుకుని పది రోజులు మాట్లాడలేదు. తిరిగిచ్చినప్పుడు మొత్తం పుస్తకంలో ఎర్ర పెన్సిల్‌తో రాసింది ఒకే ఒక్కచోట, 31వ పేజీలో పట్టిక పక్కన: “ఈ సంఖ్య ఎక్కడిది?” అది 94. ఎక్కడిదో చెప్పడానికి ప్రోగ్రామ్ మొదటి నుంచి మళ్లీ నడిపాను. మూడు వారాలు పట్టింది. మోడల్‌కి నేర్పడానికి వాడిన నమూనాల్లో కొన్ని పరీక్షలో కూడా కలిసిపోయాయని అప్పుడు బయటపడింది. పరీక్ష పేపరు ముందే చూపించి పరీక్ష పెట్టినట్టు. సరిచేస్తే 78 వచ్చింది. ఏడుపొక్కటే తక్కువ. ఆయన మాత్రం 78 చూసి, “ఇప్పుడు రాయి” అన్నారు. ఈ 19 ఏళ్లలో నా దగ్గర ప్రాజెక్టు చేసిన ప్రతి బ్యాచ్‌కీ నేను మొదట నేర్పేది ఆ ఒక్క తప్పు ఎలా జరుగుతుందో. అంటే ఆయన అడిగిన ప్రశ్న నాకు డిగ్రీ కంటే ఎక్కువ కాలం పనికొచ్చింది.

తీరిక దొరికినప్పుడు, అంటే మా సొంత కాలేజీ పిల్లల విషయంలో, నేను చేసేది చెప్తాను. పుస్తకం వారం ముందు ఇంటికి తెచ్చుకుంటాను. ముందు ఫలితాల పట్టికలు చూసి, తరవాత అవి ఎలా వచ్చాయో చెప్పే అధ్యాయానికి వెనక్కి వస్తాను. ఉపోద్ఘాతం చివర చదువుతాను, ఒక్కోసారి చదవను కూడా. వైవాలో పట్టికలోంచి ఒక అంకె మీద వేలు పెట్టి, దీన్ని నా ముందు మళ్లీ తెప్పించండి అంటాను. ల్యాప్‌టాప్ తెరుస్తారు. నిజంగా చేసినవాళ్లకి అది ఐదు నిమిషాల పని. అమీర్‌పేటలో రెడీమేడ్ ప్రాజెక్టులు అమ్మే బోర్డుల కింద కొనుక్కొచ్చినవాళ్లకి ఫైలు ఏ ఫోల్డర్‌లో ఉందో కూడా తెలీదు. ఆ తరవాత అడిగేది, “మీ పుస్తకంలో మీకే నమ్మకం లేని వాక్యం ఏది?” అని. మొదట భయపడతారు, ఇదేదో ఉచ్చు అనుకుంటారు. మార్కులు తగ్గవని చెప్పాక ఒకరు నెమ్మదిగా మొదలుపెడతారు, తరవాత పక్కవాడు అందుకుంటాడు, ఇక ఆపడం కష్టం. కిందటి సంవత్సరం ఒక కుర్రాడు ఏకంగా తమ టైటిల్ మీదే నమ్మకం లేదన్నాడు. వాడికి నేను చాలా మార్కులు వేశాను.

దీనికి బ్యాచ్‌కి 40 నిమిషాలు పడుతుంది. 22 బ్యాచ్‌లకి 880 నిమిషాలు, అంటే దాదాపు 15 గంటలు, మూడు రోజుల పని. నాలుగేళ్ల చదువు చివర మూడు రోజులు. ఇన్ని వేల బ్యాచ్‌లకి అంత టైము, అంతమంది టీచర్లు ఎక్కణ్ణుంచి తెస్తాం అంటారు మీరు. న్యాయమైన ప్రశ్నే. నేనూ ఒక లెక్క చెప్తాను. కిందటి సెమిస్టర్లో మా డిపార్ట్‌మెంట్‌లో పదకొండుమందిమి కలిసి తనిఖీ బృందం వస్తోందని జియోట్యాగ్ ఫొటోలు, హాజరు పట్టికలు, చేతి సంతకాలతో పాత మీటింగుల మినిట్స్ తయారుచేస్తూ రెండు వారాలు గడిపాం. అందులో సగం పెడితే మా దగ్గరున్న ప్రాజెక్టులన్నీ రెండేసిసార్లు చదవచ్చు. టైము లేకపోవడం నిజం కాదని నేననను. దేనికి ఉంది, దేనికి లేదు అన్నది మాత్రం మీరు సంతకం చేసే సర్క్యులర్లే తేలుస్తున్నాయి.

ఇంకో అభ్యంతరం కూడా వింటుంటాను. అంకెలు తీసేసి మనిషి ఇష్టానికి వదిలేస్తే పక్షపాతం వస్తుంది, కులం వస్తుంది, మావాడు మీవాడు వస్తుంది అని. వస్తుంది. నేను కాదనను, కళ్లారా చూశాను. కానీ ఇప్పుడు రావట్లేదా? ‘వైవా – 40 మార్కులు’ అన్న గడిలో ఎవరికి ఎంత వేసినా ఎందుకు వేశామో రాయక్కర్లేదు కదా. పక్షపాతానికి అంతకంటే సుఖమైన చోటు ఉండదు. అందుకే నేను అడిగేవాటిలో ముఖ్యమైనది ఇది: మార్కుతో పాటు ఒక పేజీ రాయించండి. ఈ పేపర్లో ఏం అడిగారు, దేని ఆధారంగా జవాబు చెప్పారు, ఆ ఆధారం ఆ జవాబుని మోయగలదా, ఎక్కడ కుంటుతోంది. కింద ఎగ్జామినర్ పేరు, సంతకం. ఆ పేజీ కాపీ పిల్లలకి ఇవ్వండి. మిరప బ్యాచ్‌కి 91 ఎందుకు వేశానో నా చేత్తో ఒక పేజీ రాయమని ఉంటే, నేను 91 వేయగలిగేవాణ్ణా? ‘ఈ పేపర్లో మిరప లేదు’ అన్న వాక్యం రాసి, కింద ఆ అంకె ఎలా పెడతాను? పంచాంగం అమ్మాయిలకి కూడా ఆ పేజీ వెళ్లి ఉండేది. ఇప్పుడు వాళ్లకి తెలిసిందల్లా తమ పనికి 78 వచ్చిందని, పక్క బ్యాచ్‌కి 91 వచ్చిందని. దాన్నుంచి వాళ్లు ఏం నేర్చుకుని ఉంటారో తలచుకుంటేనే గుబులుగా ఉంటుంది.

మిగతావి చిన్నవి. ప్రచురణ సర్టిఫికెట్‌కి ఇచ్చే మార్కులు తీసేయండి, ఈ ఒక్కటి రేపే చేయొచ్చు, పిల్లల తల్లిదండ్రులు మిమ్మల్ని తలుచుకుంటారు. ఆ 10 మార్కులు ముడి డేటాకి, చేసిన పని తేదీలవారీగా రాసుకున్న నోట్సుకి పెట్టండి. సిమిలారిటీ రిపోర్టు పూర్తిగా జతచేయమనండి, కటాఫ్ వద్దు. ఏఐ శాతం మీద ఏ పిల్లనీ ఫెయిల్ చేయొద్దని రాతపూర్వకంగా ఇవ్వండి, అనుమానం ఉంటే కూర్చోబెట్టి మాట్లాడతాం. ‘ఫలితం’ అన్న గడి పేరు మార్చండి. శాతం ఎక్కువ వస్తే మంచి ఫలితం అని మా సహోద్యోగులు కూడా అనుకుంటున్నారు, పిల్లల్ని అని ఏం లాభం. పుస్తకాలు ఎక్స్‌టర్నల్‌కి వారం ముందు చేరాలి. రెక్సిన్ అట్టలు, బంగారు అక్షరాలు అక్కర్లేదు, స్పైరల్ బైండింగ్ చాలు, పీడీఎఫ్ అయినా సరే. ఒక రోజుకి ఒక ఎక్స్‌టర్నల్‌కి ఎనిమిది బ్యాచ్‌లకి మించి వద్దు.

నా వైపు నుంచి నేను చేయబోయేది కూడా చెప్తాను. పంచాంగం ప్రాజెక్టు చేసిన అమ్మాయిల్లో ఒకరిది ఆ మధ్య మెయిల్ వచ్చింది. ఉద్యోగంలో చేరిందట, ఆ పట్టికని ఇంకా పెంచుతోందట. ఇంకో 60 పేజీలు అయ్యాయి, ‘థ’ దగ్గర ఇంకా తేలట్లేదు, మీకు తెలిసినవాళ్లెవరైనా పాత అచ్చుల గురించి చెప్పగలరా అని అడిగింది. ప్రెస్సులో అచ్చు అక్షరాలు పేర్చిన ఒక రిటైర్డ్ కంపోజిటర్ గారి నంబరు ఇచ్చాను. వాళ్ల పుస్తకం మీద అప్పుడు రాయాల్సిన పేజీ ఇప్పుడు రాసి, అది కూడా జతచేశాను, ఏడాది ఆలస్యంగా.

ఈసారి ఆర్డర్లు ఇప్పటికే రెండు వచ్చాయి. ఒకచోట 20 బ్యాచ్‌లు, ఒక పూట. ఎనిమిది చూస్తానని, పుస్తకాలు వారం ముందు పంపమని, ప్రతి దానికీ ఒక పేజీ రాసిస్తానని, మిగతా 12 మరుసటి రోజుల్లో పెడితే ప్రయాణ భత్యం (టీఏ) లేకుండా వస్తానని జవాబు పంపాను. అలా కుదరదంటే ఆర్డరు వెనక్కి తీసుకోమన్నాను. ఇంకా సమాధానం రాలేదు.

ఇట్లు,
కంప్యూటర్ సైన్స్ చెప్పే ఒక అసోసియేట్ ప్రొఫెసర్